ప్యాకేజీ భాండాగారపు మెటాడేటా ముందస్తు తయారీ

ప్యాకేజీ భాండాగారం అనగా సాఫ్టువేరు ప్యాకేజీలను ఒకచోట భద్రపరచి, నెట్‌వర్కు ద్వారా కంప్యూటర్లకు అందించే నిల్వ. లైనక్స్ వ్యవస్థలలో దీని వాడుక ఎక్కువ. భాండాగారంలో ఏయే ప్యాకేజీలు ఉన్నవో తెలిపే సమాచారాన్ని మెటాడేటా అంటారు. మూల భాండాగారం నుండి కొత్త ప్యాకేజీలను తెచ్చుకొనడాన్ని సింక్ అంటారు. సింక్ ముగిసిన వెంటనే, క్లయింట్లు అడగకముందే మెటాడేటాను సిద్ధం చేసి ఉంచడమే ముందస్తు తయారీ. క్లయింట్ల నిరీక్షణ గడువు మీరిపోకుండా చూడడం దీని ముఖ్యోద్దేశం.

మెటాడేటా స్వరూపం

ఆర్‌పీఎం భాండాగారంలో రిపోడేటా అనే డైరెక్టరీ ఉంటుంది. అందలి ప్రైమరీ ఫైలులో ప్యాకేజీల పేర్లు, వెర్షన్లు, వాటికి అవసరమైన ఇతర ప్యాకేజీల వివరాలు ఉంటాయి. ఫైల్‌లిస్ట్స్‌లో ఫైళ్ళ పట్టిక, అదర్ అనే ఫైలులో మార్పుల చిట్టా ఉంటాయి. ఈ మూడింటి స్థానాలు, చెక్‌సమ్‌లు రిపోఎండీ అనే చిన్న ఫైలులో నమోదవుతాయి. క్లయింటు మొదట చదివేది దీనినే. డెబియన్‌లో ఇదే పనిని రిలీజ్, ప్యాకేజెస్ అనే ఫైళ్ళు నిర్వహిస్తాయి.

గడువు మీరడానికి కారణం

మెటాడేటా తయారీకి ప్రతి ప్యాకేజీని తెరచి, వివరాలు చదివి, ఫైలు మొత్తానికి చెక్‌సమ్ లెక్కించాలి. వేలాది ప్యాకేజీలు ఉన్నచోట ఇందుకు చాలా నిమిషాలు పట్టవచ్చు. యమ్, డీఎన్‌ఎఫ్ ఉపకరణాలలో నిరీక్షణ గడువు, వేరుగా నిర్దేశించనిచో, 30 సెకన్లు మాత్రమే. క్లయింటు అడిగిన తరువాత పని మొదలుపెట్టే సర్వరు ఈలోగా బదులివ్వలేదు. విఫలమైన క్లయింట్లు మరల మరల అడగడం వలన సర్వరుపై భారం ఇంకా పెరుగుతుంది. ఫలితంగా భద్రతా లోపాలను సరిదిద్దే ప్యాకేజీలు సర్వరుకు చేరినప్పటికీ కంప్యూటర్లకు అందవు.

తయారీ విధానం

ఆర్‌పీఎం భాండాగారాలకు క్రియేట్‌రిపో, దానిని సీ భాషలో తిరిగి వ్రాయగా వచ్చిన క్రియేట్‌రిపో-సీ వాడబడుతున్నాయి. వీటిలోని అప్‌డేట్ ఐచ్ఛికం వలన పరిమాణం, సవరణ సమయం మారని ప్యాకేజీల పాత వివరాలే తిరిగి ఉపయోగపడతాయి. కొత్తవాటిని మాత్రమే చదివితే చాలును. కొత్త మెటాడేటా వేరొక డైరెక్టరీలో పూర్తయ్యేవరకు పాతదే అందుబాటులో ఉంటుంది. పిమ్మట రెండింటినీ తారుమారు చేస్తారు. డెబియన్ మిర్రర్లు ముందుగా ప్యాకేజీలను, ఆ తరువాత సూచికలను తెచ్చుకుంటాయి. ఇందువలన ఇంకా రాని ప్యాకేజీని సూచిక చూపించదు.

ఉదాహరణ

రెడ్ హ్యాట్ సంస్థ 2008లో బహిరంగపరచిన స్పేస్‌వాక్‌లో టాస్కోమాటిక్ అనే నేపథ్య సేవ ఈ తయారీని నిర్వహించేది. స్పేస్‌వాక్ 2020 మే 31న నిలిచిపోయింది. దాని నుండి 2018లో వేరుపడిన యుయుని ప్రాజెక్టు కొనసాగుతున్నది.

పరిమితులు

నెట్‌వర్కు మందకొడితనం వలన కలిగే జాప్యాన్ని ఈ పద్ధతి తొలగించలేదు. సింక్ ముగిసి, తయారీ మాత్రం మధ్యలో ఆగిపోతే క్లయింట్లకు పాత జాబితాయే కనిపిస్తుంది. దోష సందేశమేదీ రాదు. కాబట్టి రిపోఎండీలోని సమయాన్ని సరిచూచిన తరువాతనే సింక్ పూర్తయినట్లు భావించడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

- లైనక్స్
- డెబియన్
- ఫెడోరా