తెలుగు వికీపీడియా - సర్వర్ల భారవిభజన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక వెబ్‌సైటుకు వచ్చే అభ్యర్థనలను అనేక సర్వర్లకు పంచే వ్యవస్థను లోడ్ బ్యాలెన్సర్ అంటారు. 1994 నుంచి ఈ వ్యవస్థ పరిణమించిన తీరును, తెలుగు వికీపీడియా పాఠకునికి దానితో ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారాన్ని సమానంగా పంచడం కన్నా, ఏ సర్వర్ పనిచేయగల స్థితిలో ఉన్నదో నిర్ణయించడమే ఇందులో కీలకమని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: పాలకుర్తి, తెలుగు వికీపీడియా, లోడ్ బ్యాలెన్సర్, భారవిభజన, సర్వర్.

1. ఉపోద్ఘాతం:
పాలకుర్తి పేరు వినగానే సాహిత్య విద్యార్థికి పాల్కురికి సోమనాథుడు గుర్తుకు వస్తాడు. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర కూడా ఈ మండలంలోనిదే. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరిలో, నేటి విద్యార్థి సోమనాథుని గురించి తెలుసుకోవడానికి ముందుగా ఫోన్‌ను ఆశ్రయించడం సహజం. తెలుగు వికీపీడియాలోని వ్యాసం క్షణాల్లో తెరపై కనిపిస్తుంది. అదే క్షణంలో ప్రపంచమంతటి నుంచి వేలాది అభ్యర్థనలు వికీపీడియాకు చేరుతుంటాయి. వాటిని తట్టుకొనే ఏర్పాటు ఎలా రూపొందిందన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. తొలి ప్రయత్నాలు:
మొజాయిక్ బ్రౌజర్‌ను రూపొందించిన అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం, తన వెబ్‌సైటుకు ఒకే సర్వర్ చాలకపోవడంతో 1994 నాటికి అనేక సర్వర్లను ఏర్పాటు చేసింది. సైటు పేరు అడిగినప్పుడల్లా ఒక్కో సర్వర్ చిరునామాను వంతులవారీగా అందించే పద్ధతిని అనుసరించింది. అయితే ఒకసారి పొందిన చిరునామాను స్థానిక నేమ్ సర్వర్లు కొంతకాలం దాచుకొనేవి. అందువల్ల ఒక ప్రాంత పాఠకులందరూ ఒకే సర్వర్‌పై పడేవారు. ఆగిపోయిన సర్వర్ చిరునామా కూడా అలాగే చలామణి అయ్యేది.

ఈ లోపమే పాఠకునికీ సర్వర్లకూ నడుమ మధ్యవర్తిని అవసరం చేసింది. 1998లో వెన్‌సాంగ్ జాంగ్ ప్రారంభించిన లినక్స్ వర్చువల్ సర్వర్ (ఎల్‌వీఎస్), విలీ తారో రచించిన హెచ్ఏప్రాక్సీ, ఈగర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ ఈ మార్గంలో ముఖ్యమైనవి. ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు కావడం గమనార్హం.

3. తెలుగు వికీపీడియా నేపథ్యం:
వికీపీడియా 2001 జనవరిలో, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయ్యాయి. తెలుగుకు ప్రత్యేకమైన సర్వర్లు లేవు. మూడు వందలకు పైగా భాషలకు ఒకే సర్వర్ల సముదాయం సేవ చేస్తుంది. 2018లో సింగపూరు కేంద్రం ప్రారంభమయ్యాక ఆసియా పాఠకులకు దూరం తగ్గింది.

అభ్యర్థనలను పంచే పనికి వికీమీడియా ఎల్‌వీఎస్‌ను ఎంచుకుంది. ఇందులో పాఠకుని అభ్యర్థన మాత్రమే బ్యాలెన్సర్ మీదుగా వెళ్తుంది. సమాధానం సర్వర్ నుంచి నేరుగా పాఠకునికి చేరుతుంది. అభ్యర్థన చిన్నది, సమాధానం పెద్దది కనుక బ్యాలెన్సర్‌పై ఒత్తిడి తగ్గుతుంది.

4. దోషాలు - పరిష్కారాలు:
4.1 ఆరోగ్య పరీక్ష: సర్వర్ బతికి ఉన్నదో లేదో బ్యాలెన్సర్ నిర్ణీత వ్యవధిలో పరీక్షిస్తుంది. పోర్టు తెరిచి ఉన్నదా అని మాత్రమే చూస్తే, పేజీ ఇవ్వలేని సర్వర్ కూడా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కనుక అసలు పేజీని కోరి పరీక్షించాలి. మరి పరీక్షే తప్పైతే మంచి సర్వర్లన్నీ తొలగిపోతాయి. వికీమీడియా రూపొందించుకున్న పైబాల్ అనే ప్రోగ్రాము దీనికి ఒక హద్దు పెట్టింది. ఎన్ని సర్వర్లు పరీక్షలో విఫలమైనా, నిర్ణీత నిష్పత్తికి మించి తొలగించదు.

4.2 దోష సంకేతాలు: 502 వస్తే వెనుక సర్వర్ నుంచి సరైన సమాధానం రాలేదని, 504 వస్తే గడువులోగా రాలేదని అర్థం. 503 సేవ తాత్కాలికంగా అందుబాటులో లేదని తెలుపుతుంది. పనిచేసే సర్వర్ ఒక్కటీ మిగలనప్పుడు హెచ్ఏప్రాక్సీ ఇచ్చే సంకేతం ఇదే. ఎక్కడ వెతకాలో ఈ భేదమే సూచిస్తుంది.

4.3 ఒకే పేజీపై ఒత్తిడి: 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ మరణించినప్పుడు ఆయన పేజీకి పాఠకులు వెల్లువెత్తారు. మరోవైపు ఆ పేజీలో దిద్దుబాట్లు ఆగలేదు. ప్రతి దిద్దుబాటుతో నిల్వ ప్రతి చెల్లకుండా పోయి, అనేక సర్వర్లు అదే పేజీని ఏకకాలంలో మళ్ళీ తయారుచేయవలసి వచ్చింది. పని చక్కగా పంచబడినా అది ఒకే పనికి పునరుక్తి అయింది. ఒకే పేజీని ఏకకాలంలో తయారుచేసే ప్రక్రియల సంఖ్యను పరిమితం చేసే పూల్‌కౌంటర్ ఈ అనుభవం నుంచే పుట్టింది.

5. ముగింపు:
• వంతులవారీ పంపకం నుంచి స్థితిని పరీక్షించి పంచడం వరకు సాగిన పరిణామమే ఈ చరిత్ర.
• 'సమతౌల్యం' అన్న అనువాదం సమాన పంపకాన్ని స్ఫురింపజేస్తుంది. ప్రతి సర్వర్ శక్తి, స్థితి వేరు కనుక 'భారవిభజన' అన్న పదం ఉచితం.
• ఉమ్మడి వ్యవస్థలో భాగం కావడం వల్లనే ప్రత్యేక సర్వర్లు లేకున్నా తెలుగు వికీపీడియాకు పెద్ద భాషలతో సమానమైన సేవ దక్కుతున్నది. సోమనాథుని గురించిన పుట పాలకుర్తికి చేరడంలో రచయితల కృషితో పాటు ఈ ఏర్పాటుకూ భాగం ఉంది.