ప్రసార వృత్తి : తెలుగునాట ఆకాశవాణి మొదలు యూట్యూబు వరకు

దూరమున నున్న శ్రోతకు ధ్వనిని, ప్రేక్షకునకు దృశ్యమును చేరవేయుటయే జీవనోపాధిగా గలవారి వ్యాపారమును ప్రసార వృత్తి యందురు. వార్తలు చదువువారు, అనౌన్సర్లు, నాటక కళాకారులు, కార్యక్రమ నిర్వాహకులు, ధ్వనిముద్రణ చేయు ఇంజనీర్లు, నేడు చేతిలోని ఫోనుతోనే చిత్రీకరణమును ఎడిటింగును ముగించుకొను యూట్యూబర్లు, అందరును దీని పరిధిలోని వారే. పాతవారికిని క్రొత్తవారికిని పనిముట్లలో గల భేదము కంటికి కనబడునదే; కాని అంతకంటె లోతైన భేదము మరియొకటి కలదు. పూర్వము ఒక గొంతు జనుల చెవిని పడుటకు ముందు దానిని పరీక్షించు చెవి సంస్థలోనే యుండెడిది; ఇప్పుడా చెవిని ఎవరికి వారే వెదకికొనవలసి యున్నది.

తెలుగు ప్రసారములకు తొలి నెలవు మదరాసు. అచ్చట 1924లో ఔత్సాహికులు కొందరు స్థాపించిన రేడియో క్లబ్బు మూడేండ్లు నడచి ధనాభావముచే మూతపడెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము ఆరంభమైన పిదప తెలుగుమాటకు రేడియోలో స్థిరమైన కొలువు లభించినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసి హైదరాబాదు కేంద్రమయ్యెను. ఈ కేంద్రములలో తొలుత చేరినవారు ప్రసారవిద్య నేర్చి వచ్చినవారు కారు. ఆ విద్యకు అప్పటికి తెలుగుదేశమున బడియే లేదు. ఆచంట జానకిరామ్, బుచ్చిబాబు, 1941లో మదరాసు కేంద్రమున ప్రవేశించిన బాలాంత్రపు రజనీకాంతరావు, అటుపిమ్మట దేవులపల్లి కృష్ణశాస్త్రి, వీరందరు సాహిత్యమునో సంగీతమునో వెంటబెట్టుకొని వచ్చి, మైకు ముందు కూర్చుండి మైకునే గురువుగా చేసికొనిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమములతో రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై, ఆ పేర్లే తమ అసలు పేర్లన్నంతగా ప్రసిద్ధులైరి. కొంగర జగ్గయ్య సినిమాలలో స్థిరపడుటకు ముందు ఢిల్లీ నుండి తెలుగు వార్తలు చదివెను. పిమ్మట శివాజీ గణేశన్‌కు తెలుగున గళమిచ్చిన కంచుకంఠము అక్కడ సానబట్టినదే.

ఈ కొలువునకు ద్వారము ఆడిషన్. అభ్యర్థిని స్టూడియోలో కూర్చుండబెట్టి, అద్దమునకు ఆవల, అతని ముఖమును గాక గొంతునే గమనించు పెద్దలు విందురు. తెలుగువానికి అచ్చట గండములు ఒత్తక్షరములు, శషసలు. ‘భాష’ను ‘బాస’ యనువాడును, ‘ధనము’నకు ‘దనము’ అనువాడును, ఎంత మధురకంఠుడైనను, తొలి పేరాలోనే పట్టుబడును. ఉత్తీర్ణుడైన పిదప నేర్వవలసినది మరియొకటి. మైకునకు జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా కూర్చుండవలెను. ఎదురుగా కూర్చున్నచో ‘ప’కారమునకు వెలువడు ఊపిరి మైకును తాకి, శ్రోతకు తలుపు కొట్టినట్లు వినబడును. స్క్రిప్టు కాగితములకు పిన్ను గ్రుచ్చరాదు. చదివిన పుటను త్రిప్పక, చప్పుడు కాకుండ ప్రక్కకు జరుపవలెను. ఎర్రదీపము వెలిగినది మొదలు దగ్గును, నిట్టూర్పును, చేతిగాజుల గలగలను సైతము దేశమంతయు వినును. గడియారపు సెకండ్ల ముల్లును ఒక కంట, వాక్యమును ఒక కంట చూచుచు, పది నిమిషముల వార్తలను పది నిమిషములకే ముగించుట అనుభవము వలన గాని అబ్బదు.

ఈ శిక్షణకు వెన్నెముక డ్యూటీ రూము. ప్రసారమును ఆద్యంతము ఆలకించు డ్యూటీ ఆఫీసరు, పలుకు తప్పినను, నిశ్శబ్దము కొన్ని సెకండ్లు మిగిలినను రిపోర్టున వ్రాసిపెట్టెడివాడు. మరునాటి ఉదయపు సమావేశమున ఆ తప్పు అందరి యెదుట చర్చకు వచ్చెడిది. ఇది వినుటకు కఠినముగా నుండును గాని, ఉషశ్రీ రామాయణ భారతములు చెప్పుచుండ విజయవాడ కేంద్రము చుట్టు ఇన్ని యిండ్లలో జనులు పని మాని విన్నారన్నచో, ఆయన ప్రతిభకు తోడు ఈ నిఘాకును అందు కొంత పాలు కలదు. అయితే ఆ వైభవము వెనుక స్టాఫ్ ఆర్టిస్టులు దీర్ఘకాలము కాంట్రాక్టు పద్ధతిపై బ్రదికిరన్న సంగతి మరువరాదు. క్యాజువల్ అనౌన్సర్లకు నేటికిని నెలలో దొరకునవి కొలది డ్యూటీలే. పేరు ఊరంతటికి తెలిసియు చేతికి జీతము లేని ఈ స్థితి ప్రసార వృత్తికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

టెలివిజను వృత్తాంతము సంగ్రహముగా చెప్పవచ్చును. 1975లో ఉపగ్రహ ప్రయోగముగా ఆంధ్రప్రదేశ్ పల్లెలలో దృశ్యప్రసారము తొలిసారి కనబడినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ఆరంభమైనది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ అందు తొలి తెలుగు వార్తలు చదివెను. టెలీప్రాంప్టరు లేని ఆ దినములలో ఆయన వార్తలను కంఠస్థము చేసి, కెమెరాను చూచుచు చెప్పెడివాడు. 1995లో ఈటీవీ, జెమిని రాకతోను, పిమ్మట ఇరువదినాలుగు గంటల వార్తాచానెళ్ళతోను ఉద్యోగములు పెరిగినవి, తీరిక నశించినది. ప్రైవేటు ఎఫ్ఎం వలన రేడియో జాకీ యను క్రొత్త కొలువు వచ్చినది గాని, ఆ స్టేషన్లకు స్వంత వార్తలు ప్రసారము చేయు అనుమతి లేదు. వార్తలపై మక్కువగల యువకుడు ఈ సంగతి ముందే యెరుగుట మేలు.

2008 అక్టోబరులో జహీరాబాదు సమీపమున మాచనూరులో సంఘం రేడియో ప్రారంభమైనది. దానిని నడపినవారు పట్టములు పొందినవారు కారు, దళిత మహిళా రైతులు. విత్తనములు, చిరుధాన్యములు, పండుగపాటలు, అన్నియు తమ యూరి నుడికారమునందే వినిపించిరి. ఆకాశవాణి ఆడిషనులో ఆ ఉచ్చారణకు ఎన్ని మార్కులు వచ్చెడివో ఊహింపవచ్చును. కాని వినువారు ఆ పొలముల వారే యైనప్పుడు ఆ తీర్పునకు విలువ యెంత? యాస తప్పు కాదు, అస్పష్టత తప్పు. ఈ రెంటిని ఒకటిగా చూచుట పూర్వపు ప్రసారసంస్థల లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబు చానెలు, అందలి గంగవ్వ మాటతీరు, ఈ యంశమును లోకమునకు మరింత స్పష్టపరచినవి.

యూట్యూబున ప్రవేశమునకు ఆడిషన్ లేదు, ఆదాయమునకు మాత్రము గడప కలదు. ప్రకటనల రాబడిలో పాలు పొందుటకు వేయిమంది సబ్‌స్క్రైబర్లును, పండ్రెండు నెలలలో నాలుగువేల గంటల వీక్షణమును, లేదా తొంబది దినములలో షార్ట్స్‌కు కోటి వీక్షణలును ఉండవలెను. నిడివిగల వీడియోలపై ప్రకటనల రాబడిలో చానెలు వారికి వచ్చునది నూటికి 55 పాళ్ళు. ఆ రాబడి నెలనెలకు మారును గనుక, దానినే నమ్మి ఉద్యోగము మానుట తొందరపాటు. అనుభవజ్ఞులు డబ్బింగు, అనువాదము, వేదికలపై వ్యాఖ్యానము వంటి ఉపవృత్తిని విడువరు. ఇక ఈ విద్యను బడిలో నేర్వదలచినవారికి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954 నుండి పత్రికారచన శాఖ కలదు; ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ) 1965లో ఏర్పడినది; పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ టెలివిజనును కూడ బోధించును. పట్టము ఉద్యోగపు దరఖాస్తునకు పనికివచ్చును, గొంతునకు కాదు.

కావున క్రొత్తగా చానెలు తెరువదలచిన పాఠకునకు ఒక మనవి. రికార్డు చేసినదానిని అప్‌లోడ్ చేయుటకు ముందు, ఫోను తెరను బోర్లించి, వంటయింట పనిలో నున్న నాయనమ్మకో అమ్మమ్మకో వినిపింపుడు. ఆమె చేతిపని ఆపి, “ఏమన్నావురా?” అని అడిగిన చోటెల్ల గుర్తు పెట్టుకొని, ఆ వాక్యములను తిరిగి రికార్డు చేయుడు.