పన్నెండు సెకన్ల తేడా

మన పార్టీల్లో బిట్‌కాయిన్ మాట రాగానే సంభాషణ ధర మీదకు పోతుంది. నెట్‌వర్కుల పని చేసుకు బతికేవాణ్ణి కనుక నాకు ధర కంటే ఆలస్యం కథ ఆసక్తికరం.

2009 జనవరి 3న మొదటి బ్లాకు తయారైంది. బ్లాకంటే లావాదేవీల చిట్టాలో ఒక పేజీ అనుకోండి. సగటున పది నిమిషాలకొకటి. దాని లెక్క ముందు తేల్చినవారికి అప్పట్లో 50 నాణేలు బహుమతి. ఎవరి యంత్రబలం ఎంతో వారి వాటా అంత అన్నది సతోషి నకమోతో పేరుతో వచ్చిన పథకం.

అయితే పేజీ పూర్తవగానే లోకమంతటికీ తెలియదు. ఒక్కో కంప్యూటరు సరిచూసి పక్కదానికి అందించాలి. జ్యూరిక్ పరిశోధకులు డెకర్, వాటెన్‌హోఫర్ 2013లో కొలిస్తే సగటున 12.6 సెకన్లు పట్టింది. 40 సెకన్ల తర్వాత కూడా నూటికి ఐదు కంప్యూటర్లకు కబురు అందలేదు.

పది నిమిషాల్లో పన్నెండు సెకన్లేపాటి? రెండు శాతం! ఆ లోపల ఇంకెవరైనా మరో బ్లాకు తేలిస్తే, చివరికి ఒకటే నిలుస్తుంది. రెండోది చిత్తుకాగితం, కరెంటు బిల్లు మాత్రం కట్టాల్సిందే. తిరకాసంతా ఇక్కడుంది. మొత్తం బలంలో 30 శాతం ఉన్న పెద్ద గుంపుకు తన బ్లాకు సంగతి తనకు వెంటనే తెలుసు. పోటీపడేది మిగతా 70 శాతమే. ఒక్క శాతం ఉన్న చిన్నవాడికి 99 శాతం పోటీ. యంత్రానికి యంత్రం లెక్కన చూసినా చిన్నవాడికే నష్టం ఎక్కువ.

2015 నాటికి మైనింగు బలంలో సగానికి పైగా చైనాలో ఉండేది. ఆ దేశపు ఇంటర్నెట్ గోడ దాటడం నిదానం. చైనావారే నష్టపోయారనుకుంటాం కదా? కాదు. మెజారిటీ గోడ లోపల ఉంటే, కబురు ఆలస్యంగా అందేది బయటివారికి!

తొందర కూడా కొంప ముంచింది. 2015 జులై 4న కొత్త నియమం అమలైన కాసేపటికి ఒక చెల్లని బ్లాకు వచ్చింది. సెకన్లు ఆదా చేద్దామని సరిచూడటం మానేసినవారు దానిమీదే కట్టుకుంటూ పోయారు. ఆరు బ్లాకులు వృథా, యాభై వేల డాలర్లకు పైగా నష్టం.

మాట్ కొరాలో అనే ప్రోగ్రామరు బ్లాకులను వేగంగా మోసే ప్రత్యేక దారులు నడిపాడు. ఆయన రూపొందించిన కాంపాక్ట్ బ్లాకులు 2016లో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్‌లోనే చేరాయి. లావాదేవీలు చాలావరకు అందరి దగ్గరా ముందే ఉంటాయి కనుక గుర్తులు పంపితే చాలు. త్యాగరాజ ఆరాధనలో పల్లవి అందిస్తే అందరూ కీర్తన అందుకున్నట్టు!

ఇక గోడ సంగతి. 2021లో చైనా మైనింగును నిషేధించింది. చాలా యంత్రాలు అమెరికాకు, కజకిస్తాన్‌కు తరలాయి. ఆ చిక్కు మాత్రం ఏ ప్రోగ్రామరూ ఒక్క లైను రాయకుండానే చాలావరకు తీరింది.