ఎఫ్1 నొక్కితేనే లేచే కంప్యూటర్

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళ కోసం అదే ముచ్చట ఇక్కడ రాసి పెడుతున్నా. రూముకు వచ్చి, స్నానం చేసి, నిమ్మళంగా చదువుకోండి.

నేను 2008లో దోహా వచ్చాను. హెల్పర్ వీసా. ఇంటర్ పాసయ్యానని, కొద్దిగా టైపింగ్ వచ్చని తెలిసి ఏడాది తిరక్కముందే సనయ్యలోని క్యాంపు ఆఫీసులో టైమ్ కీపర్‌గా కూర్చోబెట్టారు. ఎండ తప్పిందని సంబరపడ్డా. నాకు అప్పగించిన కంప్యూటర్‌ను చూశాక ఆ సంబరం సగం దిగింది.

విండోస్ 98 మిషన్ అది. టీవీ అంత లావు మానిటర్. కీబోర్డు మీద ఇంగ్లీషు పక్కనే అరబీ అక్షరాలు, వాటిలో సగం అరిగిపోయినయి. లోపల ఫ్యాను నిండా దుమ్ము. స్విచ్ వేస్తే బియ్యం మిల్లు మొదలైనట్టు చప్పుడు. నల్లటి తెర మీద రోజూ అదే మాట: సీమాస్ లోపం, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కు.

దీని సంగతేందంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే కంప్యూటర్ ఏ రోజో మర్చిపోతుంది. మాది రోజూ పొద్దున 1998 జనవరి 1లో నిద్రలేచేది. నేను తారీఖు సరిచేసి హాజరు ఎక్కించాలి. ఎన్నోసార్లు మర్చిపోయేవాణ్ణి. నాకంటే ముందున్నవాళ్ళూ అంతే. బ్యాటరీ కొనమంటే మా ముదీర్ "నడుస్తోంది కదా" అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకో బాధ తెలుగు. మా తమ్ముడు ఊరి నుంచి తెలుగులో మెయిల్ రాస్తే, ఆ మిషన్ మీద అన్నీ ఖాళీ డబ్బాలే. తప్పు తమ్ముడిది కాదు. యూనికోడ్ మొదటి కూర్పు 1991లోనే వచ్చింది, అందులో తెలుగుకు చోటుంది. అదే ఏడాది మన దేశం ఇస్కీ అనే ప్రమాణాన్ని కూడా ఖరారు చేసింది. కానీ నంబర్లు కేటాయిస్తే సరిపోదు. గుణింతాలు, ఒత్తులు కలిపి తెర మీద గీయడం కూడా కంప్యూటర్‌కు నేర్పాలి. విండోస్‌కు ఆ పని 2001లో ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి ఫాంటు కూడా దానితోనే. అప్పుడు కూడా సీడీ పెట్టి విడిగా ఎక్కించుకుంటేనే. అంతకు ముందు ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు దించుకోకపోతే వార్తల బదులు పిచ్చి గీతలు కనబడేవి.

మరి అంతకు ముందు విదేశాల్లో ఉన్నవాళ్ళు తెలుగు ఎట్లా రాసుకున్నారు? 1990ల్లో అమెరికాలో చదువుకునే తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని ఆర్‌టీఎస్ అని తయారుచేసుకున్నారు. ఆ పేరులోని ఆర్ హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీది. చిన్న అక్షరం కొడితే హ్రస్వం, పెద్దది కొడితే దీర్ఘం. ఇప్పుడు వాట్సాప్‌లో మనం ఇంటికి పంపే "తిన్నావా, పైసలు అందినయా" అనే మెసేజిలకు ఆ అలవాటు పెద్దన్న లాంటిది. ఇంటికి దూరమైనవాళ్ళే ముందు ఆ దారి వేసుకున్నారంటే నాకు వింతగా అనిపించదు.

ఈ కష్టం మనదొక్కటే అనుకునేవాణ్ణి. మా ఆఫీసు అకౌంటెంట్, ఈజిప్టు మనిషి, ఒకరోజు నవ్వి "మేము ఇంకా ముందే పడ్డాం" అన్నాడు. ఆయన చిన్నప్పుడు నేర్చుకున్నది సఖర్ కంప్యూటర్ మీద. సఖర్ అంటే అరబీలో బండరాయి. కువైట్‌లో మహమ్మద్ అల్ షారెఖ్ అనే ఆయన 1982లో పెట్టిన అల్ ఆలమియా కంపెనీ వాటిని తెచ్చింది. 1983లో వచ్చిన ఎం.ఎస్.ఎక్స్ అనే ప్రమాణం మీద జపాన్ కంపెనీలు చేసిన మిషన్లకు వీళ్ళు అరబీ నేర్పారు. కుడి నుంచి ఎడమకు నడిచే రాత, చోటును బట్టి రూపం మారే అక్షరం. టీవీకి తగిలించి, క్యాసెట్ టేపు పెట్టి, ప్రోగ్రాం ఎక్కేదాకా చాయ్ తాగుతూ కూర్చోవాలట. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక ఆ కంపెనీ ఈజిప్టుకు తరలిపోయింది. అదే యుద్ధంలో మనవాళ్ళు కూడా అన్నీ వదిలేసి, అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. లక్షమందికి పైగా భారతీయులు. మీలో కొందరి నాన్నలు ఆ విమానాల్లో ఉండే ఉంటారు.

ఇప్పుడు అసలు ముచ్చట.

2012లో ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. పాత మిషన్‌ను మూలన పెట్టి గుడ్డ కప్పారు. 2014లో నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకాయన ఫైనల్‌గా ఇంటికి పోతానన్నాడు. ఆయన వచ్చింది 2005లో. కొత్త సాఫ్ట్‌వేర్‌లో చూస్తే చేరిన సంవత్సరం 2012! డేటా ఎక్కించిన రోజునే చేరిన రోజుగా రాసేశారు. పాత పాస్‌పోర్టు ఊర్లో చెదలు తినేసింది. అగ్రిమెంటు కాపీ లేదు.

ఖతర్ కార్మిక చట్టం, 2004 నాటి 14వ నంబరుది, ఏడాది దాటిన ప్రతి సర్వీసు సంవత్సరానికి కనీసం మూడు వారాల బేసిక్ జీతం ఇవ్వమంటుంది. ఏడేళ్ళకు 147 రోజులు. ఆయన బేసిక్ 900 రియాళ్ళు, అంటే రోజుకు 30. మొత్తం 4,410 రియాళ్ళు. "నా ఏడేండ్లు యాడ వోయినయి తమ్మీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మరుసటి శుక్రవారమే కబాడీవాడు రావాల్సి ఉంది. గురువారం రాత్రి గుడ్డ తీసి స్విచ్ వేశా. తెర వెలగలేదు. ర్యాము తీసి, తుడిచి, మళ్ళీ పెట్టా. మిల్లు చప్పుడు మొదలైంది. ఎఫ్1 నొక్కు అంది. జీవితంలో మొదటిసారి ఆ మాట చూసి సంతోషపడ్డా. పాత ఏళ్ళవి హార్డ్ డిస్కులో లేవు, ఫ్లాపీల్లో ఉన్నాయి. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ, ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కటి కూడా పట్టదు. మొదటి రెండూ గరగరమని చదవలేమన్నాయి. మూడోది తెరుచుకుంది. 2005 హాజరు, అందులో మేస్త్రీ పేరు.

ప్రింటు తీసి అకౌంటెంట్‌కు చూపించా. ఆయన ఫైలు తారీఖు అడిగాడు. 1998 జనవరి 1! "మీ మేస్త్రీ అప్పటికి దోహా వచ్చాడా?" అన్నాడు. ఆ చచ్చిన బ్యాటరీ మమ్మల్ని అబద్ధాలవాళ్ళను చేసింది.

కానీ ఆ మిషన్‌తో చుక్కల ప్రింటర్ ఒకటి ఉండేది. చెవులు పగిలే చప్పుడైనా, కార్బన్ పెట్టి ఒకేసారి మూడు కాపీలు కొట్టేది. ఒక కాపీ ఇనుప బీరువాలోకి పోయేది. ఫైల్లో షీటు నంబరుంది. ఆ నంబరు పట్టుకుని శుక్రవారమంతా కట్టలు విప్పితే మధ్యాహ్నానికి కాగితం దొరికింది. ఫోర్మెన్ సంతకం, పెన్నుతో వేసిన తారీఖు, మేస్త్రీ వేలిముద్ర. అకౌంటెంట్ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చేరిన తారీఖు మార్చాడు.

మేస్త్రీకి పైసలు అందినయి. కబాడీవాడు మిషన్‌ను ఆ తర్వాత వారం తీసుకుపోయాడు. ఆ రెండు ఫ్లాపీల్లో ఎవరెవరి పేర్లు ఉన్నాయో మాత్రం అవి తెరుచుకోలేదు. వాళ్ళలో ఎవరైనా అప్పటికే తక్కువ తీసుకుని ఇంటికి పోయారేమో.

అందుకే చెప్తున్నా. 2015లో చట్టం మారి జీతం బ్యాంకులో పడుతోంది, మంచిదే. అయినా ఆఫీసు కంప్యూటర్ మీ సర్వీసును గుర్తుపెట్టుకుంటుందని నమ్మకండి. ఈ రాత్రే మీ అగ్రిమెంటు, పాస్‌పోర్టు, బతాకా ఫొటోలు తీసి ఇంట్లోవాళ్ళకు పంపండి. చేరిన తారీఖు ఒక కాగితం మీద రాసి పెట్టమనండి. చెదలు పట్టని చోట.

మీ పాత మిషన్ల ముచ్చట్లుంటే వాయిస్ పంపండి, వచ్చేవారం వినిపిస్తా. ఉంటా మరి.