ఓడ దినచర్య పుస్తకములోని జాన్ న్యూటను

పదునెనిమిదవ శతాబ్దపు వర్తక నావికుని జీవితమును వెదకి పట్టుట సులభము కాదు. అట్టివాడు రేవు రేవునకు తిరుగును. చచ్చినచో సముద్రమే సమాధి. వర్తకపు ఓడల నాయకులు తమ పనివారి పట్టీ నుంచవలెనని ఇంగ్లండులో చట్టము వచ్చినది 1747లోనే. కాని “అమేజింగ్ గ్రేస్” అను కీర్తన వ్రాసిన జాన్ న్యూటను విషయములో మనకొక సదుపాయము కలదు. 1750 మొదలు 1754 వరకు తాను నడిపిన ఓడలలో అతడు స్వహస్తముతో వ్రాసిన దినచర్య పుస్తకము నిలిచియున్నది. 1962లో అది అచ్చుపడినది.

మీరు ప్రసంగములలో వినిన కథ యిది: దుర్మార్గుడైన నావికుడొకడు తుపానులో చిక్కి, దేవునికి మొఱ్ఱపెట్టి, మారుమనస్సు పొంది, బానిసల వ్యాపారమును విడిచి బోధకుడాయెను. కథ చక్కగానే యున్నది. కాగితములు మాత్రము అట్లు చెప్పవు.

తుపాను నిజమే. 1748 మార్చిలో గ్రేహౌండ్ అను ఓడ ప్రక్కలు చెదరి నీరు చొచ్చెను. సరకులో తేనెమైనమును కఱ్ఱయు ఉండుటచేత అది మునుగక తేలెను. న్యూటను ఆ దినమును బ్రదుకంతయు మరువలేదు. అయితే ఆ యేడే అతడు బ్రౌన్లో అను బానిసల ఓడలో నాయకుని క్రింది అధికారిగా ఎక్కెను. 1750లో డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అను ఓడకు తానే నాయకుడాయెను. పిమ్మట ఆఫ్రికన్ అను ఓడలో రెండు ప్రయాణములు చేసెను. ఇవన్నియు తుపాను తరువాతివే.

ఇక పుస్తకము తెరువుడి. గాలి ఏ దిక్కున వీచినది, లంగరు ఎచ్చట వేసినది, బియ్యమెంత కొన్నది వ్రాసియుండును. అదే వరుసలో, కొన్న మనుష్యుల లెక్కయు నుండును. వారికి పేర్లు లేవు, అంకెలే. ఎవరైన చనిపోయినప్పుడు ఆ అంకెయే మరల కనబడును. 1752 డిసెంబరులో బానిసలు తిరుగబడనున్నారని తెలిసి, న్యూటను కొందరు బాలురకు సంకెళ్లు వేయించి, నిజము చెప్పించుటకు వారి బొటనవ్రేళ్లను ఇనుప బిగింపులో “కొంచెముగా” నొక్కించెను. ఆ “కొంచెముగా” అతడు వ్రాసిన మాటయే. అచ్చట నేను చాలసేపు ఆగితిని. అట్టి ప్రయాణములలోనే ఆదివారము నావికులతో ప్రార్థన చేయించెను. భార్యయైన మేరీకి ఎంతో ప్రేమగల ఉత్తరములు వ్రాసెను.

1754లో ఆ పని మానుటకు కారణము అకస్మాత్తుగా వచ్చిన మూర్ఛ. సంకెళ్లతోడి వృత్తి తనకు రోతపుట్టించినదనియు, మేలైన పని దయచేయుమని ప్రార్థించితిననియు తరువాత చెప్పుకొనెను. కాని అది అధర్మమన్న శంక నాడు తనకు కలుగలేదనియు ఒప్పుకొనెను. 1764లో ఓల్నీ గ్రామమున గురువాయెను. బానిసల వ్యాపారమునకు విరోధముగా బహిరంగముగా పుస్తకము వ్రాసినది 1788లో, అనగా ఓడ దిగిన ముప్పది నాలుగేండ్లకు. తన ఒప్పుకోలు ఆలస్యమైనదని అందులో తానే చెప్పెను. పార్లమెంటు విచారణలోను సాక్ష్యమిచ్చెను. ఆ వ్యాపారమును నిషేధించు చట్టము 1807 మార్చిలో వచ్చెను. అతడు డిసెంబరులో మరణించెను.

అతనిని వేషధారి యనువారు కలరు. నాకట్లు తోచదు. లండనులో గౌరవము పొందిన వృద్ధ గురువు ఊరకుండినచో అడుగువారెవరు? అయినను మాటలాడెను. ఒక్క రాత్రిలో మారిన మనుష్యునికంటె, కన్నులు తెరచుటకు నలువది యేండ్లు పట్టిన ఇతనినే నేను నమ్మగలను.

న్యూటను జాడ ఇట్లు దొరకినది. ఆ పుస్తకములోని అంకెల వెంట కూడ పోయి చూచితిని. కొన్న తేదీ కలదు. కొందరికి చనిపోయిన తేదీయు కలదు. ఏ ఊరివారో, తల్లి ఏమని పిలిచెడిదో అందులో లేదు.