ద్రవ్యరాశి–ఘనపరిమాణాల మార్పిడి

సాంద్రత ఆధారంగా ఒక పదార్థపు ఘనపరిమాణం నుంచి ద్రవ్యరాశిని, ద్రవ్యరాశి నుంచి ఘనపరిమాణాన్ని రాబట్టే లెక్క ఇది. ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తే ద్రవ్యరాశి, ద్రవ్యరాశిని సాంద్రతతో భాగిస్తే ఘనపరిమాణం వస్తాయి. పాల సాంద్రత లీటరుకు సుమారు 1.03 కిలోలు కాబట్టి 100 లీటర్ల పాలు 103 కిలోలు తూగుతాయి.

11వ శతాబ్దంలో అల్‌బిరూనీ, పక్కన గొట్టమున్న పాత్రను నీటితో నింపి అందులో లోహాలనూ రత్నాలనూ వేసి, పొర్లిన నీటిని తూచి వాటి సాపేక్ష సాంద్రతలు కట్టాడు. 1121లో అల్‌ఖాజినీ తన తులాశాస్త్ర గ్రంథంలో ఇలాంటి విలువలను పట్టికలుగా కూర్చాడు.

ఫ్రెంచి విప్లవకాలంలో ఈ మార్పిడినే కొలమానాలకు పునాదిగా వేశారు. 1795 చట్టం ప్రకారం, మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీటి బరువే గ్రాము. నీరు అత్యంత సాంద్రంగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర గనుక 1799లో ప్లాటినం కిలోగ్రామును ఆ ఉష్ణోగ్రత ప్రకారం చేశారు. ఆనాటి పరికరాలతో అది అబ్బురపరిచే పనితనం. అయినా ఆ కిలోగ్రాముకూ ఒక ఘన డెసిమీటరు నీటి ద్రవ్యరాశికీ మధ్య కొద్ది తేడా మిగిలింది. 1901లో కిలో నీటి ఘనపరిమాణాన్నే లీటరుగా నిర్వచించడంతో లీటరు 1.000028 ఘన డెసిమీటర్లయింది. 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేసి, లీటరును సరిగ్గా ఒక ఘన డెసిమీటరుకు పేరుగా స్థిరపరిచారు.

తెలుగునాట ధాన్యాన్ని సోల, తవ్వ, మానిక, కుంచాలతో కొలిచేవారు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో కిలోలు అధికారికమయ్యాయి. ధాన్యం విషయంలో ఈ లెక్క చిక్కైనది: గింజల నడుమ గాలి ఉంటుంది, కొలపాత్రను కుదిపితే అందులో మరికొన్ని గింజలు పడతాయి. అందుకే మానికెడు ఇన్ని గ్రాములని ఒకే అంకె చెప్పలేం.

సాంద్రత అంకెకు ప్రమాణం జతచేయకపోతే ఏమవుతుందో 1983 జులై 23న కెనడాలో తేలింది. ఎయిర్ కెనడా బోయింగ్ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. లీటరుకు 0.8 కిలోలని గుణించాల్సిన చోట, పౌండ్లకు వర్తించే 1.77ను వాడారు. దాంతో ఉన్న ఇంధనం రెట్టింపుకు పైగా కనిపించి, 20,000 లీటర్లకు బదులు ఐదువేలకు కాస్త తక్కువే నింపారు. దారిలో ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానాన్ని గాలిలో జార్చుకుంటూ గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించారు. ప్రాణనష్టం జరగలేదు.

ఇప్పుడు మన పెట్రోలు బంకుల్లో సాంద్రతను హైడ్రోమీటరుతో చూసి, అప్పటి ఉష్ణోగ్రతను బట్టి పట్టిక సాయంతో 15 డిగ్రీల విలువకు మారుస్తారు. భారత ప్రమాణాల ప్రకారం పెట్రోలు సాంద్రత ఆ ఉష్ణోగ్రత దగ్గర ఘన మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి.