రెట్టింపు లెక్క: పావులూరి మల్లన మొదలు నేటి గణనయంత్రము వఱకు

చదరంగపు బల్లకు అరువదినాలుగు గడులు. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేసికొని పోయినచో కడకు మొత్తమెన్ని గింజలగును? ఈ ప్రశ్న మీరు చిన్ననాట వినియే యుందురు. దీనికి తెలుగున పద్యరూపముగా సమాధానము చెప్పినవాడు 11వ శతాబ్దివాడగు పావులూరి మల్లన. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించిన మహనీయు డాయన. కావ్యములే యింకను కుదురుకొనని కాలమున తెలుగువాడు గణితశాస్త్రమును పద్యములలో బిగించెనన్నమాట.

ఆ పద్యమున అంకె యొక్కటియు కానరాదు. కన్నులనగా రెండు, వేదములనగా నాలుగు, ఋతువులనగా ఆఱు అని వస్తువుల పేరులతో సంఖ్యను కూర్చుట భూతసంఖ్యా పద్ధతి. ఒకట్ల స్థానము మొదట వచ్చును. కాన చదివినవాడు కుడినుండి యెడమకు వ్రాసికొనుచు పోవలెను. అట్లు వ్రాసికొన్నచో 1,84,46,74,40,73,70,95,51,615 అను ఇరువది అంకెల సంఖ్య తేలును. నేను బడిలో పిల్లలచే దీనిని పలకపై కట్టించి, నేటి యంత్రముతో సరిచూపెడివాడను. ఒక్క అంకెయు తప్పుపోలేదు. ఇందొక విశేషము కలదు. తాటాకుపై అంకె వ్రాసినచో లేఖకుని చేయి జాఱిన నది వేఱొక అంకె యగును, ఎవ్వరికిని తెలియదు. పద్యములో మాట మాఱినచో తఱచుగా గణమో యతియో ప్రాసమో చెడి తప్పు తానై బయటపడును. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మఱల దీనితో పని గలదు.

ఆ గింజల లెక్కను రైతు లెక్కలోనికి దింపి చూతము. కిలోకు నలుబదివేల గింజలనుకొందము. బల్లలో సగమునకు, అనగా 32 గడులకు, 429 కోట్ల 49 లక్షల గింజలు పైగా అగును. అది 75 కిలోల బస్తాలు సుమారు 1,430. మంచి మోతుబరి కళ్లమునకిది వింత గాదు. రాజు ఇంతవఱకు నవ్వుచునే యుండును. తక్కిన సగము నిండవలెనన్న 46 వేల కోట్ల టన్నులు కావలెను. నేటి లోకమంతయు ఏటికి పండించు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు కాన, సుమారు అయిదువందల డెబ్బదియేండ్ల పంట యన్నమాట. రెట్టింపు లెక్కకు గల స్వభావమిది. సగము దూరము నడచువఱకు మనిషికి అనుమానమే కలుగదు.

ఇక లెక్కించువారి మాట. కంప్యూటరు అను పదము మొదట యంత్రమునకు గాదు, మనిషి ఉద్యోగమునకు పేరు. 1802లో ల్యాంబ్టను దొర మదరాసు దాపున పరంగికొండయొద్ద ఆధారరేఖను కొలిచి, త్రికోణములల్లుకొనుచు బెంగుళూరు మీదుగా పడమటి సముద్రమువఱకు సాగెను. మన పెద్దపంజాణి సీమయు ఆ దారికి దూరము కాదు. ఆ మహాసర్వేలో రాధానాథ సిక్దారు అను వంగదేశీయుడు 1831లో కంప్యూటరుగా చేరెను. హిమాలయములలో పదునైదవ శిఖరమను గుర్తుగల కొండ యన్నిటికంటె నున్నతమైనదని 1852లో లెక్కచే తేల్చినవాడాయనయే యని ప్రసిద్ధి. ఆ శిఖరమునకు పేరు మాత్రము ఎవరెస్టు దొరది వచ్చెను! కొండ నెక్కకయే కొలిచినవాని పేరు మన పిల్లల పుస్తకములలో వెదకవలసి యున్నది.

మన యూళ్లలో ఆ పని కరణములది. పరకలు, వీసములు, తూములు, పుట్లు నోటనే కూడి తీసివేసెడివారు. వీథిబడి ఎక్కములు ఆ చదువునకు పునాది.

యంత్రములకు వత్తము. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అను యంత్రమును లోకమునకు చూపిరి. గాజు వాల్వులు సుమారు 18 వేలు, బరువు 30 టన్నులు. క్షణమునకు అయిదువేల కూడికలు చేసెడిది. మనదేశమున బొంబాయి టాటా పరిశోధనసంస్థవారు స్వయముగా నిర్మించిన యంత్రము 1960లో పని నారంభించెను. దానికి 1962లో నెహ్రూగారు టిఫ్రాక్ అని నామకరణము చేసిరి. పిమ్మట మన హైదరాబాదున 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. యను వరుసపేరుతో యంత్రములను చేసి యమ్మనారంభించెను. అణుశక్తిశాఖ క్రింద తెలుగునేలపై జరిగిన ఈ పని మనవారికే తెలియకపోవుట నాకు బాధాకరము.

టిఫ్రాక్ జ్ఞాపకశక్తి యెంత? ఒక్కొక్కటి 40 గుర్తుల నిడివిగల మాటలు 2,048. నేటి కొలతలో 10,240 బైట్లు. తెలుగు లిపిలో అచ్చునకు గాని, గుణింతపు గుర్తునకు గాని యంత్రమున సాధారణముగా మూడు బైట్లు పట్టును. కావున మీరిప్పుడు వినుచున్న యీ ప్రసంగమంతయు ఆ యంత్రమున చొప్పించిన పట్టదు, మూడింట రెండుపాళ్లు వెలుపలనే నిలుచును! మీ మనుమని చేతిలోని సామాన్యమైన ఫోనులో పనిచేయునపుడు వాడుకొను జ్ఞాపకశక్తి నాలుగు గిగాబైట్లనుకొన్నచో, అందు నాలుగు లక్షల టిఫ్రాకులు పట్టును.

ఇది యెట్లు సాధ్యమైనది? కీలకము ట్రాన్సిస్టరు. చెఱువు తూమునకు తలుపెట్టిదో విద్యుత్తునకు అది యట్టిది. ఎత్తిన పాఱును, దించిన నిలుచును. ఎత్తుట ఒకటి, దించుట సున్న. లెక్కలన్నియు ఈ రెంటితోనే. సిలికాను అను పదార్థపు చిన్నముక్కపై ఇట్టి తూములను చెక్కు విద్య పెరుగుటను గమనించి, 1965లో గోర్డన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు ముక్కకు పట్టు అంగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదని వ్రాసెను. 1975లో రెండేండ్లకొక రెట్టింపని సవరించెను. ఇది ప్రకృతిధర్మము గాదు. మనుష్యులు తమకు తాము పెట్టుకొన్న గడువు. గడువునకు పని ముగింపకున్న పోటీవాడు ముందగునను భయమే దానిని నడపినదని నా తలంపు.

నేనును కాగితముపై సరిచూచితిని. 1971లో ఇంటెల్ వారి 4004 అను ముక్కలో ట్రాన్సిస్టరులు 2,300. దీనిని చదరంగపు మొదటి గడిగా పెట్టుకొంటిని. 25 మారులు రెట్టింప 7,717 కోట్లు వచ్చెను. 2022లో ఎన్విడియా వారు ప్రకటించిన హెచ్ 100 అను ముక్కలో 8,000 కోట్లు. నడుమ గడచినవి 51 ఏండ్లు. మూర్ చెప్పిన రెండేండ్ల లెక్క అర్ధశతాబ్దమునకు వెండ్రుకవాసి తేడాతో సరిపోయినది!

ఈ వరద మన సీమలోనికి వచ్చిన తీరు చెప్పెదను. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ అను అమెరికా కంపెనీ రాష్ట్రప్రభుత్వముతో గూడి కుప్పము ప్రాంతమున మూడేండ్ల పథకము నారంభించి సమాచార కేంద్రములు నెలకొల్పెను. కొందఱు స్త్రీలకు డిజిటల్ కెమేరాలును చిన్న ముద్రణయంత్రములును ఇచ్చి, ఊరూర ఫొటోలు తీసి జీవించుటకు నేర్పిరి. ఆలోచన మంచిదే. కాని నాడు జీవనోపాధిగా ఇచ్చిన ఆ సాధనము పదియేండ్లు తిరుగకముందే ప్రతివాని జేబులోని ఫోనున చేరిపోయినది. రెట్టింపు లెక్కపై ఆధారపడి వృత్తి నేర్పువారు నేర్చువాని వయస్సును గూడ గణింపవలదా?

భూమి లెక్కలకు వత్తము. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయినవి. 1998లో రిజిస్ట్రేషను కచ్చేరులకు యంత్రములు వచ్చినవి. 2011లో మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే మొదలైనది. కరణములందఱును ధర్మరాజులని నేననను. మడిచెక్క నొకనిపేరినుండి వేఱొకనిపేరికి కలముతో నడిపించినవారును గలరు. కాని కాగితముపై దిద్దినచో దిద్దుబాటు కనబడెడిది. సిరా వేఱగును, కాగితము చిరుగును. అదే సాక్ష్యము.

నా బంధువొకని పొలపు సర్వే నంబరులో 1 ఉండవలసిన చోట 7 అని యంత్రమున ఎక్కినది. ఎక్కించినవారెవరో చెప్పను, తెలిసినను ఇప్పుడు లాభము లేదు. ఆ అంకె దిద్దించుటకు పదునాలుగు నెలలు పట్టెను. ఆ నడుమ పంటయప్పు దొరకక వడ్డీవ్యాపారిని ఆశ్రయించెను. క్షణమునకు కోట్ల కూడికలు చేయు యంత్రమున ఒక్క అంకెను మార్చుటకు పదునాలుగు నెలలా యని ఆయన నన్నడిగినపుడు, మల్లన పద్యము నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ పద్యమునందు తప్పును బయటపెట్టు కావలి యొకటి గలదు. సర్వే నంబరున అట్టి కావలి లేదు. ఒకటికి బదులు ఏడు వచ్చినను అదియు మంచి నంబరే, ఎవరిదో పొలమే.

ఇట్టి కావలిని యంత్రశాస్త్రజ్ఞులెఱుగరా? చక్కగా నెఱుగుదురు. మీ ఆధారు సంఖ్యలోని పండ్రెండవ అంకె అట్టిదే. మొదటి పదునొకండు అంకెలనుండి ఒక లెక్కచే పుట్టినదది. నడుమ ఒక్క అంకె తప్పుగ కొట్టిన, చివరి యంకె సరిపడక యంత్రము వెంటనే త్రోసివేయును. మనిషి సంఖ్యకు వేసిన కావలి అతని చేని సంఖ్యకు వేయకుండుట జ్ఞానలోపము గాదు, శ్రద్ధాలోపము. అందాక పెద్దలు తమ పాత పట్టాలను, శిస్తు రసీదులను పాఱవేయక, ఏడాదికొకమారు అడంగలు తీయించి అంకె కంకె పోల్చి చూచుకొనుట మేలు. నేను చూచుకొనుచున్నాను.

ఈ రెట్టింపు ఎంతకాలము సాగును? ట్రాన్సిస్టరు అణువుల కొలతకు దగ్గఱపడినది. అణువును సగము చేసి వాడుకొనలేము. వేడి మఱియొక అడ్డు. గంటకొట్టినట్లు యంత్రము వేయు అడుగుల వేగము 2005 ప్రాంతముననే నిలిచిపోగా, అడుగు పెంచుటకు మాఱుగా ఒకే ముక్కలో పలువురు పనివారిని పెట్టినట్లు భాగములను పెంచుచున్నారు. కర్మాగారమొక్కదానికి వేలకోట్ల రూపాయలు కావలెను. అంత పెట్టగల సంస్థలు లోకమున వ్రేళ్లపై లెక్కింపవచ్చును. నా గడుల లెక్కన 2022 నాటికి 26వ గడిలో నున్నాము. ఈ తీరుననే సాగినచో బల్లలో సగమగు 32వ గడికి 2034వ సంవత్సరమున చేరవలెను.